గోడ మీద ఎర్రగా ‘చాలు’

1980 ఆగస్టు 21, గురువారం. ఆళ్లగడ్డ ఆరోగ్య కేంద్రం, డాక్టరు గారి గది. ఉదయం పదకొండు గంటలు. హాజరైనవారు: డాక్టరు గారు, నంద్యాల నుంచి వచ్చిన ప్రచార ఉద్యోగి, నర్సమ్మ, ఊరి సర్పంచి, గోడల మీద రాసే పెయింటరు, మంత్రసాని, నేను. మంత్రసానికి కుర్చీ వేయలేదు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. కుర్చీ సంగతి ఎందుకు రాశానో అప్పుడు నాకు తెలియదు. ఏది కనిపిస్తే అది రాసుకోవడం నా అలవాటు.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురైదుగురు మా ఇంటికి వచ్చారు. ఫోన్లలో అబద్ధం ఇంత వేగంగా ఎలా పాకుతోందని వాళ్ల బాధ. మీ కాలంలో ఈ గొడవ లేదు కదా సార్, అన్నారు. ఉంది నాయనా, అన్నాను. ఒక అబద్ధాన్ని స్వయంగా పుట్టించినవాణ్ణి నేనే అని మాత్రం ఆ రోజు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగం ఆరోగ్య ప్రచారం. ఊరూరా తిరిగి ఏ జబ్బు ఎలా వస్తుందో, ఏ మందు ఎప్పుడు వేయించుకోవాలో చెప్పడం, గోడల మీద రాయించడం, మైకు పెట్టిన జీపులో తిరగడం. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పదకొండేళ్లు సైకిలు తొక్కాను. వానాకాలంలో నల్లరేగడి బురద మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగకపోతే, సైకిలును భుజాన వేసుకుని నడిచిన రోజులు కూడా డైరీలో ఉన్నాయి.

1980 మార్చిలో నంద్యాలకు ఒక కొత్త ఉద్యోగి వచ్చాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. ఎక్కడో ప్రసార విద్యలో డిప్లొమా చదివి వచ్చాడు. నన్ను మొదటి రోజే ‘అన్నా’ అన్నాడు. నాకు అది కూడా నచ్చలేదు. అతను గదిలోకి వస్తే డాక్టరు గారు ఫైలు మూసి మాట్లాడేవారు. నేను వెళితే ఫైలు చూస్తూనే తల ఊపేవారు. నేను పదకొండేళ్లుగా చెబుతున్న మాటకు నర్సమ్మ ఎన్నడూ నవ్వలేదు. అతను వాతావరణం గురించి మాట్లాడినా నవ్వేది. ఇవన్నీ తేదీలతో సహా రాసుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. అప్పుడు సాక్ష్యం సేకరిస్తున్నాననుకున్నాను.

ఏప్రిల్‌లో మా అందరికీ నంద్యాలలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. పాఠం చెప్పింది అతనే. తప్పులు పట్టుకోవచ్చని ప్రతి మాటా రాసుకున్నాను. ఆ సిద్ధాంతాలు ఈనాటికీ నాకు గుర్తుండడానికి కారణం శ్రద్ధ కాదు, అసూయ.

బోర్డు మీద ఒక తుపాకీ బొమ్మ గీశాడు. పూర్వం పెద్దలు ప్రచారమంటే ఇదే అనుకునేవారట. మాట గుండులా వెళ్లి వినేవాడి తలలో దిగుతుంది, ఎంత గట్టిగా పేలిస్తే అంత లోతుగా దిగుతుంది. ఆ బొమ్మను అతను కొట్టేశాడు. జనం అట్లా వినరన్నాడు. పైనుంచి వచ్చే మాటను ఊళ్లో తాము నమ్మే ఒకరిద్దరి దగ్గరికి తీసుకుపోయి, ఇది నిజమేనా అని అడుగుతారు. వాళ్లు అవునంటే అవును, కాదంటే కాదు. రెండంచెల్లో మాట పారుతుందన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మనం పంపిన అర్థం, అవతలివాడికి అందిన అర్థం ఒకటే అనుకోకూడదు. వినేవాడు తన అనుభవాన్ని కలిపి అర్థం చేసుకుంటాడు.

నేను చెయ్యెత్తి, పదకొండేళ్లుగా మైకులో చెబుతున్నాం, జనం వింటూనే ఉన్నారు అన్నాను.

“వింటాండారన్నా. ఏం విన్నారని ఎప్పుడన్నా అడిగినావా?” అన్నాడతను.

ఎగతాళిగా అనలేదు. కానీ క్లాసులో నవ్వారు. ఆ నవ్వు నాకు చాలాకాలం వినిపించింది.

జూన్‌లో, కోయిలకుంట్ల దారిలో ఉన్న ఒక ఊళ్లో, చంటిపిల్లలకు టీకాలు మొదలుపెట్టాం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటికీ కలిపి ఒకే సూది. కానీ నెలకొకటి చొప్పున మూడుసార్లు వేయించాలి. ఆ ఊరికి వెళితే నేనెప్పుడూ సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చుని, ఆయన పంపిన మజ్జిగ తాగి, ఆయన చూపించిన చోట మాట్లాడి వచ్చేవాణ్ణి. అతను అరుగెక్కలేదు. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లను ఒక్కటే అడిగాడు: బిడ్డకు జ్వరమొస్తే ముందుగా ఎవరిని అడుగుతారు? వాళ్లు చర్చి వెనక వీధి చూపించారు.

అక్కడ మంత్రసాని ఉండేది. అరవై దాటిన మనిషి. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఆ ముందటి ఏడు మా కేంద్రమే ఆమెకు శిక్షణ ఇచ్చి, కత్తెర, దారం, సబ్బు ఉన్న అల్యూమినియం పెట్టె ఇచ్చింది. ఆదివారం ప్రార్థనకు కూడా ఆ పెట్టె పట్టుకుపోయేదట. ఎప్పుడు ఎవరికి నొప్పులొస్తాయో తెలియదు కదా. అతను ఆమె ముందు నేల మీద కూర్చుని, టీకా సంగతి మొత్తం చెప్పాడు. ఆమె అడిగిన ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పాడు. మరుసటి వారం ఆ ఊళ్లో తల్లులు ఎంతమంది వచ్చారంటే, నర్సమ్మ తెచ్చిన మందు సరిపోక ఆళ్లగడ్డకు మనిషిని పంపాల్సి వచ్చింది. డాక్టరు గారు అందరి ముందూ అతని భుజం తట్టారు. పదకొండేళ్లలో నా భుజం మీద వాన మాత్రమే పడింది.

రెండో విడత జూలైలో. ఈసారి పేరు నాకు రావాలనుకున్నాను. నాకున్న విద్య గోడరాతలు. ఒక వాక్యం తయారుచేయడానికి రెండు రోజులు కూర్చున్నాను. చివరికి కుదిరింది: ‘మూడు జబ్బులకు ఒక్క సూది చాలు.’ పొట్టిగా ఉంది, తూకంగా ఉంది. అతనికి చూపించమని డాక్టరు గారు చెప్పినా చూపించలేదు. జూలై 9న పెయింటరును తీసుకుని ఆ ఊరికి వెళ్లాను. స్టోరులో కుటుంబ నియంత్రణ రాతలకు తెచ్చిన ఎర్రరంగు మిగిలి ఉంటే అదే ఇచ్చాను. బడి గోడకు సున్నం కొట్టించి, వాక్యమంతా నల్లగా, ‘చాలు’ ఒక్కటే ఎర్రగా, మూరెడు ఎత్తున రాయించాను. చాలాసేపు నిలబడి చూసుకున్నాను.

జూలై చివర నర్సమ్మతో కలిసి వెళితే ఒక్క తల్లీ రాలేదు. ఇళ్లకు గొళ్లాలు. పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేలల్లోకి పోయారు. సంగతేమిటని ఒక ముసలాయనను అడిగితే, రెండో సూది ఆపరేషన్ సూది అంట గదా, ఆ పిల్లోల్లకు ఇంగ పిల్లలు పుట్టరంట గదా, అన్నాడు.

బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజులు పోయి అప్పటికి మూడేళ్లే. జీపు కనబడితే మగవాళ్లు పరిగెత్తిన కాలం ఎవరూ మరిచిపోలేదు.

నేను నా పద్ధతిలో మందు వేశాను. జీపు తీసుకుని, మైకు పెట్టుకుని ఆ ఊళ్లోనూ చుట్టుపక్కల ఆరు ఊళ్లలోనూ తిరిగాను. ‘పిల్లలకు వేసే సూదికీ ఆపరేషన్‌కూ ఏ సంబంధమూ లేదు’ అని గొంతు పోయేదాకా చెప్పాను. అంతవరకూ ఆ ఆరు ఊళ్లలో ఈ మాట ఎవరికీ తెలియదు. నేను చెప్పిన వారానికి అక్కడ కూడా తలుపులు మూతపడ్డాయి. లేదు లేదని జీపేసుకుని తిరుగుతున్నారంటే ఏదో ఉందనుకున్నారు. అబద్ధాన్ని ఖండించాలంటే ముందు దాన్ని పలకాలి. పలికిన ప్రతిసారీ అది కొత్త చెవికి చేరుతుంది. మీ ఫోన్లలో కూడా జరుగుతున్నది ఇదే కదా.

ఇక అసలు పాపం. ఆగస్టు 11న డాక్టరు గారు నివేదిక అడిగారు. మాట ఎవరు పుట్టించారో నాకు తెలియదు. తెలియదని రాయవచ్చు. కానీ కలం పట్టుకున్నప్పుడు నా కళ్ల ముందు అతను నేల మీద కూర్చుని మంత్రసానితో మాట్లాడుతున్న దృశ్యం నిలిచింది. అతను ఎంచుకున్న మనిషే చెడగొట్టిందని తేలితే అతని సిద్ధాంతం ఏమవుతుంది? ఇలా రాశాను: ‘సదరు మంత్రసాని తన వృత్తికి నష్టము కలుగునను భయముతో ఉద్దేశపూర్వకముగా ఈ వదంతిని వ్యాపింపజేయుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది.’

ఆ వాక్యంలో ఒక్క నిజం లేదు. సంతకం ఒక్కటే నిజమైనది.

డాక్టరు గారు దాన్ని నంద్యాలకు పంపారు. వారం తిరక్కుండా అక్కడి పై అధికారి నుంచి ఉత్తరం వచ్చింది: ఆ మంత్రసాని వదంతులు వ్యాపింపజేస్తున్నట్లు మా దృష్టికి వచ్చింది, పెట్టె వెనక్కి తీసుకుని, పోలీసులకు తెలపాలా వద్దా నిర్ణయించండి, అని. డాక్టరు గారు అది చదివి, చూశారా, నంద్యాల వాళ్లకు కూడా తెలిసిపోయింది, మీరు రాసింది నిజమే, అన్నారు. నా అబద్ధమే నంద్యాల వెళ్లి కొత్త చొక్కా వేసుకుని తిరిగి వచ్చింది. నవ్వకండి. ఆ ఉత్తరం చూశాక, ఏమో, ఆమే చెప్పి ఉండవచ్చు అని నాకు కూడా అనిపించింది. మాట బరువు చెప్పేవాడి మీద నమ్మకాన్ని బట్టి ఉంటుందని అతను చెప్పిన పాఠం నా పుస్తకంలోనే ఉంది. ముద్ర ఉన్న కాగితాన్ని మించి నమ్మకస్తుడు ప్రభుత్వంలో ఎవరుంటారు?

అతను మాత్రం నమ్మలేదు. నాలుగు రోజులు ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాడు. సూది గురించి ఏమీ మాట్లాడలేదు. ఈ మాట నీకెవరు చెప్పినారక్కా, ఏ రోజు చెప్పినారు, అని మాత్రం అడిగి, చెప్పినవాళ్ల ఇంటికి వెళ్లి మళ్లీ అదే అడిగాడు. అతనికి రాసుకునే అలవాటు లేదు. అందుకని నా దగ్గరే తెల్లకాగితాలు అడిగి తీసుకుని వాటి నిండా బాణాలు గీశాడు. సమావేశానికి ముందురోజు మా గదికి వచ్చి, “అన్నా, బడి గోడ రాయించింది ఏ దినము? నీ డైరీలో ఉంటాది గదా” అన్నాడు.

చూసి చెప్తానన్నాను. చూడాల్సిన పని లేదు. ఆ తేదీ నాకు నిద్రలో కూడా గుర్తే. బాణాలన్నీ ఎటు తిరిగాయో అప్పుడర్థమైంది. అతనికి తెలిసినట్లుంది కూడా. కానీ ఇంకేమీ అడగకుండా టీ తాగి వెళ్లిపోయాడు. నా తప్పు అతని జేబులో ఉండడం కంటే, దాన్ని అతను బయటికి తీయకపోవడం నన్ను ఎక్కువ కాల్చింది.

సమావేశంలో డాక్టరు గారు నా నివేదికను పైకి చదివారు. మంత్రసాని పెట్టెను రెండు చేతులా పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది. చదవడం పూర్తయ్యాక ఆమె గొంతు పెంచకుండా అంది:

“నా చేతుల్లో పుట్టిన పిల్లోల్లు సార్ వాండ్లు. వాండ్లకు కీడు నేను చెప్తానా? రాసినోడెవురో నా మొగం చూసి చెప్పమను.”

డాక్టరు గారు కాగితం వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. సర్పంచి, ఆడోళ్ల మాటలకు ఇంత పెద్ద మీటింగేంది సార్, పెట్టె తీసుకోండి, పోలీసులు ఎందుకులే, అని సర్దబోయాడు.

అప్పుడు అతను లేచాడు. మంత్రసానిని ఒక్క ప్రశ్న అడగనివ్వమన్నాడు.

“అవ్వా, బడి గోడ మీద ఏం రాసిందో నీకు తెల్సునా?”

“నాకు సదువు రాదు గదప్పా.”

“ఊరికే చూసింది చెప్పు.”

“చాలు అని రాసింది.”

“సదువు రాదంటివి?”

“ఆ ఒక్కటి ఎవురికైనా వస్తాది నాయనా. ఇన్నేండ్లు ఆపరేషన్ జీపు మీద ఎర్రగా ఉండేది అదే గదా. పిల్లలు చాలు అని. మా ఊర్లో ఆడోళ్లందరూ దాన్ని గుర్తుపడ్తారు. నల్లగా ఉండేది ఏందో నాకు తెల్దు. మూడు మార్లు ఏయించాలని నేను చెప్తే, గోడ మీద చాలు అని ఉండాది గదా అని నన్నే అడిగిరి.”

అతను సర్పంచి వైపు తిరిగి, మీకు చదువొచ్చు కదా, మీరేమనుకున్నారు అన్నాడు.

“ఒక్క సూది చాలు అని రాస్తిరి. ఒకటి జూన్‌లోనే ఏస్తిరి. మళ్లా రెండోది అంటాండారు. మరి ఆ రెండోది దేనికి అని నాకే అనుమానమొచ్చింది. అందరూ ఆపరేషన్ అంటాంటే నేనొక్కణ్ణి కాదని యాడ చెప్పేది? ఊరుకున్న్యా.”

మూడు జబ్బులకు ఒక సూది అన్న అర్థం నేను పంపాను. ఒకసారి వేయించుకుంటే చాలు అన్నది చదువుకున్నవాళ్లకు అందింది. ఇక పిల్లలు చాలు అన్నది చదువు రానివాళ్లకు అందింది. రెండూ కలిపితే వదంతి దానంతటదే తయారవుతుంది. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. అనుమానం వచ్చినవాళ్లు ఒంటరివాళ్లమనుకుని నోరు మూసుకుంటే చాలు, ఊరంతా ఒకే మాట మీద ఉన్నట్లు కనిపిస్తుంది. అలా మౌనం మౌనాన్ని పెంచుతుందని చెప్పే సిద్ధాంతం ఒకటుందని తరువాత చదివాను. నేను దాన్ని ముందే ఒక సర్పంచి ముఖంలో చూశాను.

ఆ రాత ఎవరిదని డాక్టరు గారు అడిగారు. పెయింటరు చప్పున, సారే కాగితం మీద రాసిచ్చినాడు, ఎర్రరంగు డబ్బా గూడా సారే ఇచ్చినాడు, నాకేం తెల్దు సార్ అన్నాడు. అందరూ నావైపు తిరిగారు.

నేను నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. “తప్పు నాది సార్. గోడ మీద రాసే ముందు పదిమందికి చూపించి, వాండ్లకేం తోచిందో అడగాల. అది నా పని. అన్న పెద్దోడు, ఆయనను అనొద్దండి.”

మీరు నమ్మాలి. ఆ క్షణంలో నాలో మంచితనం మేలుకోలేదు. మండింది. మెప్పు అతనిదే, నవ్వు అతనిదే, చివరికి నా తప్పు కూడా అతనిదేనా? ఆ గదిలో నాదంటూ మిగిలింది ఆ తప్పు ఒక్కటే. దాన్ని కూడా అతను గౌరవంగా భుజాన వేసుకుని పోతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను.

లేచి నిలబడ్డాను. “అతనిది కాదు సార్. వాక్యం నాది. రంగు నాది. చూపించమని మీరు చెప్పినా చూపించలేదు.”

డాక్టరు గారు నివేదికలోని గీత మీద వేలు పెట్టారు. “మరి ఇది? విశ్వసనీయంగా తెలిసిందని రాశారు. ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. నేనే రాశాను.”

నర్సమ్మ లేచి తన కుర్చీని మంత్రసాని వెనక్కి జరిపింది. మంత్రసాని కూర్చోలేదు. నన్ను చూసింది. కోపంగా కూడా కాదు. ప్రసవానికి పోయిన చోట బిడ్డ అడ్డం తిరిగితే, ఎట్లా తిప్పాలా అని చూసినట్లు చూసింది. నాకు మెమో ఇస్తున్నట్లు, నంద్యాలకు సవరణ పంపుతున్నట్లు డాక్టరు గారు చెప్పారు. పెట్టె ఆమె దగ్గరే ఉంది.

మర్నాడు శుక్రవారం తెల్లవారగానే సైకిలు మీద ఆ ఊరికి వెళ్లాను. చర్చి వెనక వీధిలో ఆమె ఇల్లు ఏదో నేను అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆమె వాకిలి చిమ్ముతోంది. నేను చెప్పాలనుకున్నది చెప్పాను. చీపురు ఆపకుండానే విన్నది.

“నాకు చెప్పి ఏం లాభమప్పా? నేను అనలేదని నాకు తెల్దా? నా మీద పోలీసోళ్లు వస్తారని వీధంతా చెప్పుకుంటాండారు. వాండ్లకు చెప్పు, రా.”

చీపురు గోడకానించి ముందు నడిచింది. మొదటి ఇంటి ముందు ఒక పడుచుపిల్ల ఒళ్లో బిడ్డను పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ వీధి చివరనే పదకొండేళ్లు మైకులో మాట్లాడాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, ఈ సారెవురవ్వా అని మంత్రసానిని అడిగింది.

“ఆసుపత్రి సారు. తప్పు చేసినాడంట. చెప్పుకోనీకొచ్చినాడు.”

చెప్పాను. ఈమె ఏ వదంతీ పుట్టించలేదు, నేను అబద్ధం రాశాను, గోడ మీద తికమకగా రాయించింది కూడా నేనే, ఆ సూదికీ పిల్లలు పుట్టడానికీ ముడిపెట్టే మాట నా రాత వల్ల వచ్చింది. ఆ పిల్ల పూర్తిగా విని, “ఇంగోసారి చెప్పు సార్. మా యత్తకు ఇనపడలేదు” అంది. లోపలినుంచి ముసలామె గడప దాకా వచ్చి నిలబడింది. మళ్లీ చెప్పాను, కొంచెం గట్టిగా.

రెండో ఇంట్లో కూడా అంతే, రెండుసార్లు. బయటికి వచ్చి మూడో ఇంటి వైపు తిరిగేసరికి ఆ ఇంటామె గడపలోనే నిలబడి ఉంది. నేను నోరు తెరవకముందే, “అబద్ధం రాసినావంట గదా సార్” అంది. మాట మాకంటే ముందే చేరింది. ఏ దారిలో వదంతి పోయిందో ఆ దారినే, అంతే వేగంగా, ఈసారి నా నిజం పోతోంది. జీపు లేదు, మైకు లేదు. ఆమె చంకలో ఏడాది నిండని బిడ్డ ఉన్నాడు.

“నర్సమ్మ ఎప్పుడొస్తాది?” అని అడిగింది ఆమె.

నన్ను కాదు, మంత్రసానిని.